మెట్టు మీద రెండు జతలు

హలో… హలో… ఆ, నేనే భాయ్. పర్శరాములును. టౌను ఆఫీసు నుంచి.

హయాత్ బాషా భాయే గదా? … ఆ, మంచిదాయె. జర గట్టిగ మాట్లాడు, లైను గరగర అంటాంది.

లేదు లేదు, బస్సు కోసం కాదు. బస్సు సంగతి ఇడిశిపెట్టు. ముందుగాల ఒక్క ముచ్చట చెప్పు. ఏడో నంబరు ట్యాంకు లోపట ఇప్పుడు ఎంతమంది ఉన్నరు?

… సున్ననా?

ఎవలు చెప్పిన్రు సున్న అని? … కంప్యూటర్ల అట్లనే ఉందా. ఉంటది భాయ్, ఎందుకుండదు, ఆ సున్న కొట్టింది నేనే. కంప్యూటర్ ఏమంటాందో నాకు ఎరుకే. నీ కండ్లు ఏమంటున్నయో అది చెప్పు.

… నవ్వకు. పరాచికాలాడుతలేను. నా చేతులు నీకు కనబడయి గని, రిసీవరు రెండు చేతుల పట్టుకున్న.

టైమెంతయింది నీ దగ్గర? … మూడు నలభై. నాకూ అంతే. నాలుగు కొట్టంగనె పంప్ హౌజుల వాల్వు ఇప్పుతరు. ట్యాంకు కారుతదా లేదా సూసేటందుకు సముద్రం నీళ్లు వడ్తయ్ దాంట్ల. ఇరవై నిమిషాలుంది మనకు.

… ఇను, ఇను. నడుమ మాట్లాడకు. మధ్యాహ్నం రెండు గంటలకు నువ్వు ఏడో ట్యాంకులకు ఇంకో ఇద్దరిని పంపినవా?

… పంపినవ్.

అంజన్నా… కొండగట్టు అంజన్నా…

లేదు, ఏం గాలే. ఊపిరి తీసుకుంటున్న, గంతే. చెప్త. మెల్లగ చెప్త.

సూడు భాయ్. మన ముదీర్, మేనేజరు సాబు, పెట్టిన పద్ధతేంది? లోపటికి పోయేటోళ్లను గేటు కాడ నువ్వు ఎక్కియ్యాలె. బయటికి వచ్చినోళ్లను ఈడ ఆఫీసుల నేను తీసెయ్యాలె. నీ దగ్గరొక కంప్యూటర్, నా దగ్గరొకటి. ట్యాంకుకు ఒక పేజీ. మనిషి మనిషికి ఒక పేజీ. అవునా?

… ఆ. గది.

ఇగ నేనేం చేస్త. ఈ లైను నత్త నడక నీకు ఎరుకే. ఒక్క పేజీ తెరవాలంటె చాయ్ తాగి వచ్చేంత సేపు. అందుకని నేను పొద్దుగాల ఒక్కపాలి ట్యాంకు పేజీ తెరిచి పెట్టుకుంట. ఇగ ముయ్య. పొద్దంత అట్లనే ఉంటది నా ముంగట. అందరు బయటికి వచ్చిన్రని నువ్వు ఫోన్ చేసినంక, ఒక్కటే దెబ్బల కొట్టి పంపుత. మూడు నెల్ల సంది గిట్లనే చేస్తున్న. ఎవ్వలకు చెప్పలే.

… తప్పే. తప్పని ఇయ్యాల తెలిసింది. కంప్యూటర్ పెట్టిపోయిన ఇంజినీరు చిలక్కు చెప్పినట్టు చెప్పిండు, "రాసే ముందు పేజీ కొత్తగ తీసుకో, రాయంగనె మూసెయ్" అని. నేను తలకాయ ఊపి ఊరుకున్న.

… అరే, చెప్పనియ్! పొద్దుగాల నేను తెరిచినప్పుడు ఆ పేజీల అయిదుగురు ఉండె. రెండింటికి నువ్వు ఇద్దరిని ఎక్కించినవ్, ఏడుగురైన్రు. అది నీ దగ్గర ఏడు. నా ముంగట మాత్రం పొద్దుటి పాత పేజీ, దాంట్ల ఇంక అయిదే. మూడుంబావుకు నువ్వు ఫోన్ చేసి "అయిదుగురు బయటికొచ్చిన్రు, ఖలాస్" అన్నవ్. నేను అయిదుల అయిదు తీసి సున్న కొట్టి పంపిన. నా పాత పేజీ పోయి నీ కొత్త పేజీ మీద కూసుంది. నీ ఇద్దరు దాని కింద వడి కొట్టుకపోయిన్రు.

… ఆ.

… ఆ, గదే నేను చెప్పేది.

ఎట్ల తెలిసిందా? బస్సు లిస్టు తీస్తుంటే తెలిసింది. బేస్తారం గదా, రేపు శుక్రారం సెలవు, మనోళ్లు జల్ది పోవాలె అని ముందే తీసిన. బనియాస్ క్యాంపుకు పోయే బస్సుల ఏడుగురు రావాలె, అయిదుగురే వచ్చిన్రు లిస్టుల. మిగిలిన ఇద్దరేరి అని వాళ్ల పేజీలు తెరిస్తే, "ఏడో ట్యాంకు లోపట" అని ఉంది. ట్యాంకు పేజీనేమొ సున్న అంటాంది, మనిషి పేజీ లోపట ఉన్నడు అంటాంది. ఒకటి నిజమైతె ఇంకోటి అబద్ధం గదా భాయ్.

… వాళ్లు వచ్చేసి ఉంటరు అంటవా? నువ్వు సూసినవా వచ్చింది?

… నమాజుకు పోయినవా. ఆ పది నిమిషాలల్ల వచ్చి పోయి ఉంటరు అనుకున్నవ్. తిరిగొచ్చి కంప్యూటర్ల సున్న ఉందని ఊరుకున్నవ్.

నేను నీ ఫోన్‌ను నమ్మిన, నువ్వు నా సున్నను నమ్మినవ్. ఇద్దరం కలిసి ఇద్దరిని గోతుల వెట్టినట్టున్నం.

… కోప్పడుతలేను. నిన్ను అంటలేను భాయ్, నా నోటికి ఏమొస్తాందో నాకే తెలుస్తలేదు.

అట్లయితె ఒక పని చెయ్. ఫోన్ పెట్టకు. తీగ అందినకాడికి తలుపు కాడికి పో. నీ గేటు రూము ముంగట మెట్టు ఉంది గదా… ఆ మెట్టే. మనోళ్లు రబ్బరు బూట్లు తొడుక్కొని, చెప్పులు ఆడ ఇడిసి పోతరు గదా. కడుపుకు కూడు పెట్టే జాగ అని మెట్టుకు మొక్కి మరీ పోతరు.

ఆ మెట్టు మీద చెప్పులున్నయా సూడు.

… సూసి చెప్పు. నేను ఉన్న.

…

… ఏమైంది? చెప్పు.

… రెండు జతలా?

భాయ్… మల్ల సూడు. పాతయి, ఎవలో పారేసినయి కావు గదా? … దుమ్ము లేదా వాటి మీద.

అయ్యో… అయ్యో దేవుడా.

లోపటనే ఉన్నరు భాయ్. లోపటనే ఉన్నరు. చెప్పులు ఇడిసి బస్సు ఎక్కేటోడు ఎవడుంటడు, ఈ ఎండకు!

ట్యాంకు మూత? … బిగించిన్రా? నిచ్చెన? … పైకి గుంజిన్రా. ఎప్పుడు? … మూడున్నరకు.

పిలిస్తే పలుకలేదా అంటె ఏం పలుకుతరు! నడిమి గోడకు ఆవలి దిక్కు తుప్పు గోకుతుంటరు, మూతికి మాస్కు, చేతిల గోకుడు బిళ్ల. పైనుంచి ఒకడు కేకేస్తే ఇనొస్తదా? కాయితం మీద సున్న ఉంటె లోపటికి దిగి సూసేటోడెవడు?

ఇప్పుడు ఇను. నేను పంప్ హౌజుకు మూడు సార్లు కలిపిన. గంట మోగుతాంది, ఎత్తుతలేరు. ఆ మోతల వాళ్లకు ఫోన్ ఇనొస్తదా. ముదీర్ ఒంటిగంటకే తాళమేసి పోయిండు, ఇంటికి చేస్తే పనామె ఎత్తింది, వేరే ఊరు పోయిన్రట. ఇగ నువ్వే దిక్కు. సైకిలెక్కి పంప్ హౌజుకు పో. వాల్వు తిప్పే మీరావలికి చెప్పి ఆపియ్.

… ఏందీ, కంప్యూటర్ల సున్న తీసి రెండు అని మార్చాల్నా? మారుస్త, గని ఏం ఫాయిదా? వాల్వు ఇప్పే చీటి మూడున్నరకే పంప్ హౌజుల అచ్చయి పోయింది. చీటి చేతికి వచ్చినంక మీరావలి కంప్యూటర్ దిక్కు తిరిగి సూడడు. నీళ్లకు మన కంప్యూటర్ ఎరుకా?

… ఒప్పుకోడా? ముదీర్ సంతకం లేందే ఆపడా? ఎరుకే నాకు, కాయితం లేకుంటె కన్నతల్లిని గూడ నమ్మడు వాడు. గుంటూరు దిక్కు మనిషే గదా, తెలుగుల చెప్పు. కాళ్లు పట్టుకో. అప్పటికి ఇనకుంటె చెయ్యి కొరుకు. పో భాయ్, యల్లా!

…

… పోవేంది?

బాషా భాయ్? ఉన్నవా?

… ఏం భయం? నౌకరి పోతదనా? తప్పు నాది, నీదేం లేదు. నేనే చెప్త శనివారం నాడు, నా చేతితోటి రాసిస్త. వీసా ఇచ్చిన కఫీల్ నన్ను ఇంటికి పంపిస్తే పంపిస్తడు. నిండ మునిగినోనికి చలేంది—

థూ. నా నోట్ల మన్నువడ. ఏం మాటంటున్న నేను.

… ఇంకేం ఉంది? చెప్పు. నీళ్లు నములుతున్నవేంది? టైము పోతాంది!

… పేర్లా? పేర్లు ఎరుకే, నా ముంగటనే ఉన్నయ్. ఒకడు భీమయ్య. ఇంకోడు వెంకట్రాములు.

… కాడా?

వెంకట్రాములు కాకుంటె ఎవలు మల్ల?

… జొరంతోటి రూముల వండుకున్నడా. అయితె పేజీల వాని పేరెందుకుంది? … బదులు పోయిన్రా వాని కోసం? ఆగు. మూడోసారి పనికి రాకుంటె వెంకట్రాములును ఇంటికి పంపుతరని, వాని కార్డు మీద ఇంకోడు పోయిండు. నువ్వు ఎరిగి ఎరిగి వెంకట్రాములు అని ఎక్కించినవ్. అందుకే నీ కాలు కదుల్తలేదు ఇప్పటిదాంక! బదులు సంగతి బయట వడ్తదని!

… సరే. సరే. ఊరోళ్లు బతిమిలాడితె కాదనలేకపోయినవ్, నేనైనా గదే చేద్దును. ఎవలు పోయిన్రు బదులు?

… ఎందుకు చెప్పవ్?

బాషా భాయ్. ఆ మెట్టు మీది చెప్పులు ఎట్లున్నయో చెప్పు.

… ఒకటి రబ్బరుది, నీలి పట్టీ. అది భీమయ్యది. ఇంకోటి?

… తోలుది.

… ఎడమ చెప్పుకు బొటనేలు కాడ తెల్ల దారంతోటి కుట్టుంది… అంతేనా?

…

అవి నా చెప్పులు భాయ్.

నావే. కోరుట్ల బస్టాండు కాడ కుట్టిచ్చుకున్న, వచ్చే ముందు. పొద్దుగాల మా హన్మంతు చెప్పు తెగింది. బస్సు ఎళ్లిపోతాందంటె, ఇగో ఇయ్యి తొడుక్కపోరా అని నేనే ఇడిసిచ్చిన. నాకు ఆఫీసుల బూట్లున్నయ్ గదా అని.

మా బామ్మర్దిరా భాయ్ వాడు! పొద్దుటి డ్యూటీ చేసి రూముకు పోయిండనుకున్న! ఆరు నెల్లు కాలే తీసుకొచ్చి!

… ఎందుకు చెప్పలే నువ్వు? నన్ను సూసి భయమైందా? నాకు తెలిస్తె తిడుతనని వాడు చెప్పొద్దన్నడా?

అరే, ఎవలో ఇద్దరు అనుకున్నప్పుడు గూడ నా పాణం కొట్టుకుంది, అబద్ధమాడ. గని ఇప్పుడు… ఇప్పుడు నాకు కండ్లు కనబడ్తలేవు.

పో! ఇగ ఒక్క మాట మాట్లాడకు! మూడు నలభై తొమ్మిది! ఫోన్ పెట్టకు, టేబుల్ మీద పడేసి పో, పెడితె లైను మల్ల దొరకది! ముందు వాల్వు, తర్వాత ట్యాంకు. వాల్వు! బెల్లు కొట్టుకుంట పో! ఉరుకు!

…

…

భాయ్?

పోయిండు.

ఫ్యాన్ తిరుగుతాంది. కిర్రు కిర్రు. ఇనొస్తాంది. ఫోన్ పెట్టలే, మంచోడు.

మూడు యాభై.

సైకిల్ మీద ఆరు నిమిషాలు. అంటె యాభై ఆరు. నాలుగు నిమిషాలు మిగుల్తయ్. సరిపోతది. సరిపోతది, ఎందుకు సరిపోదు. ఎదురు గాలి లేకుంటె సరిపోతది.

ఎవ్వలన్న ఉన్నరా ఆడ? ఓ గేటు కాడ ఎవలన్న ఉంటె ఫోన్ ఎత్తుండ్రి! … ఎవలు లేరు. బేస్తారం మాపటికి ఎవలుంటరు.

నేను పోదామంటె ముప్పై కిలోమీటర్లు. కాళ్లుండి కుంటోడినైతి.

చంద్రవ్వా, నీ తమ్ముడు లోపట ఉన్నడే. నేనే మూత పెట్టిన. నా ఈ యేలు తోటే పెట్టిన. కొడవలి వట్టేటోళ్ల ఇంట్ల పుట్టి, కంప్యూటర్ల చదువు నేర్చిన్నని ఊరంత చెప్పుకుంటివి గదా నువ్వు. "మా ఆయన దుబాయ్‌ల ఎండల పని చెయ్యడు, చల్లగ కూసోని మీటలు నొక్కుతడు" అని. నొక్కినన్నే. గట్టిగనే నొక్కిన.

వాన్ని ఎయిర్‌పోర్టుల తీసుకున్ననాడు ఏమన్నడు? "బావా, సముద్రం సూపియ్యవా" అన్నడు. పుట్టినప్పటి సంది చెరువు తప్ప సూడలే వాడు. ఈతనన్న రాదు. శుక్రారం తీస్కపోత, మల్ల శుక్రారం తీస్కపోత అని ఇన్ని నెల్లు చేసిన. ఒక్కనాడు తీస్కపోలే. ఇప్పుడు అదే సముద్రం…

వద్దు. వద్దు, అనను.

చాయ్ తాగేంత సేపు దాచుకుందామని. గంతే గదా నేను చేసింది. చాయ్ తాగేంత సేపు. పాత రిజిస్టర్లే బాగుండె. ఒకటే బుక్కు, ఒకటే పెన్ను. నువ్వు రాస్తున్నంతసేపు ఇంకోడు నీ పక్కన నిలవడాలె. నువ్వు రాసింది సూసుకుంటనే వాడు రాయాలె. ఈ ముదనష్టపు పెట్టెల ఒక్క పేజీ ఇద్దరికి కనబడ్తది, ఎవనిది వానికి నిజమనిపిస్తది, ఆఖరుకు ఎవడు కొడితె వానిదే నిలుస్తది. పెట్టెనేమనాలె? నాకు ఓపిక లేకపాయె.

యాభై మూడు.

అంజన్నా, వాన్ని బయట పడెయ్. గుట్ట మెట్లన్ని మోకాళ్ల మీద ఎక్కుత. భీమయ్యను గూడ. ఇద్దరిని. ఒక్కన్ని అడిగిన్ననుకోకు, ఇద్దరిని అడుగుతున్న.

…

అదేంది?

ఏంది మోత?

… ఫ్యాను గాదు. ఫ్యాను ఇనొస్తనే ఉంది, దాని ఎనుక ఇంకేందో గుమ్మని…

పంపు.

పంపు నడుస్తాంది!

అరే, ఇంక నాలుగు కాలే! యాభై నాలుగే! ఓ మీరావలీ! ఎందుకిప్పినవ్రా ముందుగాల! బేస్తారం జల్ది ఇంటికి పోదామనా! ఆరు నిమిషాలు ఆగితె నీ అయ్య సొమ్ము పోయిందారా!

బాషా భాయ్! హలో! హలో! బంద్ కరో! అందర్ ఆద్మీ హై! ఎవలన్న ఇంటున్నరా! నీళ్లు ఆపుండ్రి! లోపట మనుషులున్నరు! లోపట మావోడున్నడు!

…

ఎవలింటరు.

ఎవలింటరు నా ఒర్లుడు.

…

యాభై ఏడు.

…

మా హన్మంతు నూట పదకొండు మెట్లు ఎక్కినట్టు రొప్పుతడు రోజూ, రూముకొచ్చి. తుప్పు ముక్కుల వడ్డదంటడు. నేను చేతుల మీద నీళ్లు పోస్త. నీళ్లు… నీళ్లు ఎంతసేపట్ల నిండుతయో నాకెరుకే. ఆ లెక్క నా పేజీలనే ఉంది. మోకాళ్లకు ఎంతసేపు, నడుముకు ఎంతసేపు. నేను సూడ. ఆ లెక్క నేను సూడ.

నాలుగు.

నాలుగు దాటింది.

హన్మంతూ, గోడ పట్టుకో రా. గోడకు ఇనుప కొక్కెమన్న ఉంటది, పట్టుకో. భీమయ్య కాకను ఇడ్వకు. దమ్ము ఆపుకో. బావ ఫోన్ కాడనే ఉన్నడు.

…

…

… ఆగిందా?

మోత ఆగింది. ఫ్యాను ఒక్కటే ఇనొస్తాంది.

ఆగింది! పంపు ఆగింది!

ఎంత వడ్డయో నీళ్లు. పది నిమిషాలు. పది నిమిషాలంటె… సూడనంటి గదా. సూడ.

… ఎవలన్న రాండ్రి. ఎవలన్న వచ్చి ఫోన్ ఎత్తుండ్రి. సచ్చిన్రో బతికిన్రో చెప్పుండ్రి. నేను ఈడ ఇట్లనే ఉన్న.

…

…

హలో?

హలో! ఎవలు? … బాషా భాయ్! ఏడ్వకు! ఏడిస్తె నాకేం సమజైతది! ఉన్నరా? చెప్పు! ఉన్నరా?

…

… ఇద్దరినా?

మల్ల చెప్పు. ఇద్దరిని గుంజిన్రా బయటికి?

అంజన్నా… అంజన్నా…

… లేదు, కూసున్న. కింద కూసున్న. చెప్పు, ఇంటున్న. నువ్వు పోయేసరికి చక్రం ఇప్పేసి ఉంది. మీరావలి…

… తనే తిప్పిండా? నలభై చుట్లు? … చీటి అడుగలేదా? … నీ మొఖం సూసి అడుగలేదా. అరచేతులు పగిలి నెత్తురు కారినా ఇడ్వలేదా. వాన్ని తిట్టిన భాయ్ నేను ఇందాక, దేవుడు మన్నించాలె.

… మూత ఇప్పేసరికి నీళ్లు నెత్తి దాటినయా.

… భీమయ్య?

… హన్మంతును భుజాల మీద నిలవెట్టుకున్నడా! నిచ్చెన అందేదాంక! ఆ పొట్టి మనిషి! తన నెత్తి మీదికెళ్లి నీళ్లు పోతున్నా?

… తర్వాత తాడేసి గుంజిన్రు. ఊపిరి? … ఊపిరి ఉంది గదా? కండ్లు తెరిచిండా? … తెరవలే, గని ఊపిరి ఉంది. దవఖాన బండి ఎక్కించిన్రు. సరే. ఊపిరి ఉంటె సాలు. ఊపిరి ఉంటె మిగితయి సూసుకుంటం.

మా వాడేడి? … నీ పక్కనే నిలవడ్డడా? ఇయ్యి. ఫోన్ వానికియ్యి.

…

హన్మంతూ.

… ఏమనకు. ఏం చెప్పకు. నీ గొంతు ఇన్న, సాలు.

… బుద్ధుందారా నీకు? బదులు పోతవా! చావు గూడ బదులు పోతవారా! మీ అక్క నన్ను బతకనిస్తుండెనా!

… లేదురా. తిడుతలేను. ఏడుస్తలేను గూడ. లైను గరగర, గంతే.

… వెంకట్రాములుకు జొరం తగ్గితె వాన్ని గూడ నేనే తంత. అది తర్వాత. ఇప్పుడు నేను చెప్పేది ఇను. కాళ్లకేమున్నయ్? … ఉత్త కాళ్లా. బూట్లు ట్యాంకుల పోయినయా.

మెట్టు మీద నా చెప్పులున్నయ్. పోయి తొడుక్కో. ఫోన్ పట్టుకునే పో.

… తొడుక్కున్నవా? రెండు కాళ్లకా? … ఎడమ కాలు కుట్టు ఒరుసుకుంటదా? ఒరుసుకోనియ్. నీకు ఒరుసుకుంటాంది అంటె నాకు ఎంత సంబురమైతాందో నీకేం ఎరుక.

ఇప్పుడు బాషా భాయ్‌కియ్యి ఒక్క నిమిషం.

… భాయ్, ఇను. ముదీర్ వచ్చేదాంక ఈ పేజీ అబద్ధంతోటి ఉండొద్దు. ఇప్పుడే సరి చేద్దాం. నువ్వు నీ కంప్యూటర్ మీదికెళ్లి చెయ్యి తియ్యి. … తీసినవా? ఖురాన్ మీద ఒట్టా? నేను రాసి మూసినంక "ఇగ నీ వంతు" అని చెప్పేదాంక ముట్టకు. చెప్పినంక నువ్వు తెరిచి నాకు సదివి ఇనిపియ్యాలె.

పాతది మూసేసిన. కొత్తగ తెరుస్తున్న. … తెరుచుకుంటాంది. కానియ్, తొందర లేదు, చాయ్ తాగేంత సేపైనా సరే. కూసుంట.

… వచ్చింది. ముందు జరిగింది జరిగినట్టు పెట్టాలె, సున్న తీసి ఇద్దరు. రెండింటికి లోపటికి పోయింది వెంకట్రాములు కాదు, హన్మంతు. రాస్తున్న. … తెలుసు భాయ్, ముదీర్ అడుగుతడు. అడుగనియ్. నిన్ను ఒక్కన్ని నిలవెట్ట, నేనూ పక్కన నిలవడ్త. అబద్ధం పేరు మీద మా వాడు సస్తుండె. వాని శవం గూడ వెంకట్రాములు పేరు మీద ఊరికి పోతుండె. ఇగ వద్దు.

హన్మంతు బయటికొచ్చిండు. రాసిన. ట్యాంకుల తీసేసిన, వాని పేజీల గూడ తీసేసిన. రెండు ఒక్కపాలే పంపిన. మూసిన. ఇగ నీ వంతు. తెరిచి సదువు.

… ఆ.

… ఆ. ఏడో ట్యాంకు, ఒక్కడు. ఒక్కడే ఉన్నడు.

… లేడు, నాకెరుకే ట్యాంకు ఖాళీ అని. భీమయ్య దవఖానల ఉన్నడు. సున్న కొట్టమంటున్నవ్. ఇందాక గూడ నువ్వన్నవనే కొట్టిన గద భాయ్.

మెట్టు మీద ఇంకెన్ని జతలున్నయ్?

… ఒక్కటి. నీలి పట్టీది.

అది అట్ల ఉన్నంతసేపు నేను సున్న కొట్ట. వాల్వుకు తాళం ఏసి తాళపు చెవి మీరావలి జేబుల పెట్టుకోమను. నీళ్లు రేపు రానీ, ఎల్లుండి రానీ. మల్ల హన్మంతుకియ్యి.

… హన్మంతూ, భీమయ్య కాక చెప్పులు తీస్కో. చేతిల పట్టుకో, సంచిల ఎయ్యకు. బాషా భాయ్ బండి సూపిస్తడు, దవఖానకు పో. మంచం కాడ కూసో. కాక కండ్లు తెరిచి, కాళ్లు కింద పెట్టి, ఆ చెప్పులల్ల దూర్చిన్నాడు నాకు ఫోన్ చెయ్. అర్ధరాత్రైనా సరే, వారమైనా సరే. ఆనాడు తెరుస్త మల్ల ఆ పేజీ. అప్పటిదాంక మూసే ఉంటది.

… కాక కండ్లు తెరవకుంటె అంటవా?

అట్లనకురా. తెరుస్తడు. నిన్ను భుజాల మీద మోసినోడు తెరుస్తడు.

… మీ అక్కకా? నేను ఉత్తరం రాస్త. లేదు, నువ్వే రాయి. నీ చేతి రాత సూడాలె ఆమె. సముద్రం సూసిన్నని రాయి.

… సరే. ఇగ పెట్టు.

… లేదురా, నువ్వే పెట్టు ముందుగాల. నా చెయ్యి ఊడుతలేదు దీని మీదికెళ్లి.

వద్దులే బిడ్డా, పెట్టకు, టేబుల్ మీద ఇడిసి పో. చెప్పుల సప్పుడు ఇనుకుంట ఉంట.